కారు గదిని కొలిచేదెవరు?

ఒక ఇంటి ఆవరణలో కారు నిలిపే గది ఎంత పెద్దదిగా ఉండవచ్చునన్న ప్రశ్నపై ఒక నగర సభ గంటల తరబడి వాదులాడుకుంటే, జాతీయ రాజకీయాల వేడికి అలవాటుపడిన మన పాఠకుడికి నవ్వు రావచ్చు. మురుగు కాలువ టెండరు, కుక్కల బెడద, వీధి దీపాల బిల్లు, ఆ తర్వాత కారు గది. ఇదీ ఒక రాజకీయమేనా అనిపించవచ్చు. అయితే ఆ నవ్వులోనే మన నగరాల దుస్థితికి సగం కారణం దాగి ఉంది. నగరంలో భూమి కన్నా ఖరీదైనది లేదు. ఆ భూమిలో ఎంత మనిషికి, ఎంత వాహనానికి అని పంచడం కన్నా పెద్ద రాజకీయం కూడా లేదు. ఆ పంపకం మన దేశంలో జరగడం లేదనుకుంటే పొరపాటు. జరుగుతూనే ఉంది. కాకపోతే పౌరుడు ఓటు వేసి పంపిన సభలో జరగడం లేదు.

అమెరికాలో బఫెలో నగరం 2017లో, శాన్ హోసే 2022లో, ఆస్టిన్ 2023లో, కొత్త భవనాలకు ఇన్ని కార్ల స్థలం తప్పనిసరి అన్న పాత నిబంధనను తొలగించాయి. ఆ పని చేసింది ఆయా నగర సభలు. శాన్ హోసే, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. తమ వీధిలో కారు నిలిపే జాగాపై నగర సభ ముందు నిలబడి మాట్లాడే హక్కు అక్కడి నివాసికి ఉందని వారికి తెలుసు. అదే కుటుంబం హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొన్న ఫ్లాటు కింద ఎంత స్థలం కార్లకు వదలాలో ఎవరు నిర్ణయించారని అడిగితే మాత్రం, బిల్డరు అంటారు, లేదా జీవో అంటారు. నగర సభ అనరు. ఆ సమాధానం నిజమే కావడం అసలు విషాదం.

ముందు కొలతలు చూద్దాం. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 ప్రకారం ఒక కారుకు ఆరుబయట 23 చదరపు మీటర్లు, నేల అంతస్తులో కప్పు కింద 28, సెల్లారులో 32 చదరపు మీటర్లు లెక్కగట్టాలి. రాకపోకల దారిలో వాటా కూడా ఇందులో కలిసే ఉంటుంది. 32 చదరపు మీటర్లంటే సుమారు 344 చదరపు అడుగులు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం, ఆర్థికంగా బలహీన వర్గాల కుటుంబానికి నిర్దేశించిన ఇంటి కార్పెట్ ఏరియా గరిష్ఠంగా 30 చదరపు మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం 'పేదలందరికీ ఇళ్లు' పథకం కింద కట్టించిన ఇల్లు 340 చదరపు అడుగులు. అంటే సెల్లారులో ఒక కారుకు చట్టం ఎంత చోటు అడిగిందో, నలుగురైదుగురు మనుషులు వండుకుని, తిని, చదువుకుని, నిద్రపోవడానికి ప్రభుత్వం ఇంచుమించు అంతే చోటు చాలునంది. పైగా కారుకు ఇచ్చింది కనిష్ఠం, పేదవాడికి ఇచ్చింది గరిష్ఠం. ఆ ఒక్క మాటలో ఈ దేశపు పట్టణ విధానం మొత్తం ఉంది.

ఈ చోటు ఎందరి కోసం? 2011 జనగణన నాటికి దేశంలో కారు, జీపు, వ్యాను వంటివి ఉన్న కుటుంబాలు 4.7 శాతం. పట్టణాల్లో చూసినా 9.7 శాతమే. ద్విచక్ర వాహనమున్న పట్టణ కుటుంబాలు 35.2 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశవ్యాప్తంగా కారున్న కుటుంబాలు సుమారు ఎనిమిది శాతానికి చేరాయి. మహానగరాల సంపన్న పేటల్లో ఈ లెక్క చాలా ఎక్కువే, ఒక్కో ఇంట్లో రెండు మూడు కార్లున్న మాటా వాస్తవమే. అయినా ఢిల్లీ ప్రణాళిక గ్రూప్ హౌసింగ్‌లో ప్రతి వంద చదరపు మీటర్ల నిర్మాణానికి రెండు కార్ల చోటు కోరింది. సెల్లారు లెక్కన అది 64 చదరపు మీటర్లు. వంద చదరపు మీటర్లలో మనుషులుంటే, వారి వాహనాల కోసం మరో 64 చదరపు మీటర్లు తవ్వాలి. ఆ తవ్వకం, ఆ కాంక్రీటు, ఆ ఉక్కు ఖర్చు ఫ్లాటు ధరలో కలుస్తుంది. బస్సులో తిరిగే గుమాస్తా, స్కూటరు మీద వెళ్లే ఉపాధ్యాయురాలు ఇల్లు కొన్నా, అద్దెకు తీసుకున్నా, తమకు లేని కారుకు కూడా సొమ్ము చెల్లిస్తున్నారు. దీనిని పన్ను అనడం లేదు గానీ, ఫలితం పన్నుకు భిన్నం కాదు.

తెలుగు నగరాల్లో ఈ మార్పు కళ్లముందే జరిగింది. ఒకప్పుడు వీధికి ఇంటికి మధ్య అరుగు ఉండేది. ఇప్పుడు ఆ స్థానంలో స్తంభాల మీద నిలిచిన ఖాళీ అంతస్తు ఉంది. దానిని స్టిల్ట్ అంటున్నాం. వీధి వైపు కిటికీ లేదు, గుమ్మం లేదు, ఎవరొచ్చారో చూసే మనిషి లేడు. ఒక గేటు, దాని వెనుక వరుసగా కార్లు. ఆ కార్ల నడుమ, మెట్ల కిందనో లిఫ్టు పక్కనో రేకుల గదిలో వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉంటుంది. పక్కన నిలిచి ఉన్న కారుకు ఎంత చోటు ఉండాలో నిబంధనల్లో రాసి ఉంటుంది. ఆ భార్యాభర్తలకు, వారి పిల్లలకు ఎంత చోటు ఉండాలో నగరానికి పట్టదు. అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో పార్కింగ్ గీతల మీద జరిగే యుద్ధాలన్నీ ఆ కుటుంబం కళ్లముందే జరుగుతాయి. అందులో వారికి మాట లేదు.

ఈ స్టిల్ట్ అంతస్తు ఎవరి సొత్తన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నహల్‌చంద్ లాలూచంద్ కేసులో 2010 ఆగస్టు 31న న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది: స్టిల్ట్ కింద కారు నిలిపే చోటు గ్యారేజీ కాదు, దానిని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు, అది నివాసులందరి ఉమ్మడి ఆస్తి. మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద వచ్చిన ఆ తీర్పు తర్వాత, 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, గ్యారేజీకి నిర్వచనమే రాసింది. పైకప్పు, మూడు వైపుల గోడలు ఉంటేనే గ్యారేజీ. గోడలు లేని బహిరంగ పార్కింగ్ గ్యారేజీ కిందికి రాదు. చూడండి: కారు గదికి ఎన్ని గోడలుండాలో తేల్చడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం కూర్చుంది, పార్లమెంటు కూర్చుంది. కూర్చోనిదల్లా నగర సభ ఒక్కటే.

దీనికి గురుగ్రామ్‌ను మించిన ఉదాహరణ లేదు. స్టిల్ట్ మీద నాలుగు అంతస్తులు వేసుకునే అనుమతి వల్ల పాత ప్లాట్ల కాలనీల్లో నీరు, మురుగు, దారులు చాలడం లేదని నివాసులు రోడ్డెక్కితే, 2023 ఫిబ్రవరిలో హరియాణా ప్రభుత్వం నాలుగో అంతస్తుకు కొత్త అనుమతులు నిలిపివేసి, ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. 2024 జూలైలో షరతులతో తిరిగి అనుమతించింది. పది మీటర్ల రోడ్డు ఉండాలని, కొన్నిచోట్ల పొరుగువారి సమ్మతి తీసుకోవాలని, లేదా పక్కన ఖాళీ వదలాలని అన్నది. షరతుల మంచిచెడ్డలు పక్కన పెట్టండి. ఒక కాలనీలో ఎంతమంది ఉండాలి, వారి కార్లు ఎక్కడ నిలవాలి అన్న ఈ చర్చంతా నడిచిన ఆ కాలంలో గురుగ్రామ్ నగరపాలక సంస్థకు ఎన్నికైన సభ్యులే లేరు. 2022 నవంబరులో గడువు ముగిసిన పాలకమండలికి మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 మార్చిలో. నగరం గొంతు చించుకుని అరిచిన ఆ రెండేళ్లలో, దాని అరుపు వినడానికి రాజ్యాంగం కట్టిన గది తాళం వేసి ఉంది. నాలుగో అంతస్తు వద్దన్న మధ్యతరగతి సంఘాలు, కట్టుకోవాలన్న ప్లాటు యజమానులు, లాభం చూసుకున్న బిల్డర్లు అందరూ చండీగఢ్ వైపే పరుగెత్తారు. అక్కడికి వెళ్లలేని అద్దెదారుడు, పనిమనిషి, డ్రైవరు ఈ వాదంలో పక్షమే కాలేకపోయారు.

రాజ్యాంగం ఇలా జరగాలని చెప్పలేదు. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ సవరణ, పట్టణ పాలక సంస్థల కోసం పన్నెండో షెడ్యూలులో 18 విధులు చేర్చింది. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. పదిహేడోది వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్‌స్టాపులు, మరుగుదొడ్లు వంటి పౌర సౌకర్యాలు. పార్కింగ్ అన్న మాట సాక్షాత్తు రాజ్యాంగంలోనే ఉంది, అదీ నగర సభ వాకిట్లో. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. 243-డబ్ల్యూ అధికరణం ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ 'కల్పించవచ్చు' అన్నదే తప్ప 'కల్పించాలి' అనలేదు. ఆ 'వచ్చు'లో దూరిన రాష్ట్ర ప్రభుత్వాలు మూడు దశాబ్దాలుగా బయటికి రాలేదు. 18 రాష్ట్రాల్లో ఈ సవరణ అమలును పరిశీలించి 2024లో వెలువడిన కాగ్ నివేదికల సంకలనం చెప్పింది కూడా ఇదే. కాగితం మీద విధులన్నీ ఇంచుమించు బదిలీ అయ్యాయి, పూర్తి స్వేచ్ఛతో చేతికి వచ్చినవి సగటున నాలుగే.

అధికారం ఇవ్వకపోవడం ఒక ఎత్తు. అసలు సభే లేకుండా చేయడం మరో ఎత్తు. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు జరగాలని 243-యు అధికరణం శాసిస్తోంది. వార్డుల పునర్విభజన వంటివి సాకు కాజాలవని 2006లోనే కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా జరిగింది వేరు. చెన్నైలో 2016 అక్టోబరు నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా సభ లేదు. బెంగళూరులో 2020 సెప్టెంబరులో గడువు ముగిస్తే, ఐదేళ్లు దాటినా పౌరుడికి ఓటు రాలేదు. మధ్యలో పాత సంస్థనే రద్దు చేసి, కొత్త చట్టంతో దానిని ఐదు ముక్కలు చేశారు. దేశంలోకెల్లా సంపన్నమైన ముంబయి నగరపాలక సంస్థ 2022 మార్చి తర్వాత మూడేళ్లకు పైగా ఒక అధికారి చేతిలో నడిచింది. విశాఖపట్నంలో 2012లో గడువు తీరిన పాలకమండలి స్థానంలో కొత్తది రావడానికి 2021 మార్చి దాకా పట్టింది. తమిళనాడులో, కర్ణాటకలో, మహారాష్ట్రలో, హరియాణాలో, ఆంధ్రప్రదేశ్‌లో ఈ కాలమంతటా ఒకే పార్టీ లేదు. కాంగ్రెస్, భాజపా, తెలుగుదేశం, వైకాపా, ద్రవిడ పార్టీలు, శివసేన ముక్కలు అన్నీ ఏదో ఒక దశలో ఈ తాళం చెవిని జేబులో వేసుకున్నవే. ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందని ఢిల్లీలో గుండెలు బాదుకునే పార్టీ, తన రాష్ట్ర రాజధానిలో నగర ఎన్నిక ఎందుకు పెట్టలేదో చెప్పాల్సి వచ్చేసరికి ఓటర్ల జాబితా, రిజర్వేషన్ల లెక్క, కోర్టు కేసు అంటూ నసుగుతుంది.

సభ ఉన్నచోట కూడా అది దేనికి ఉందో చూడాలి. హైదరాబాద్‌లో ఇంటి కింద కార్లకు ఎంత చోటు వదలాలన్నది 2012 ఏప్రిల్ 7న నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 168వ నంబరు జీవో నిర్ణయించింది. విభజన తర్వాత తెలంగాణ దానినే సవరణలతో కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్ 2017లో సొంత నిబంధనలు రాసుకుంది, అవీ సచివాలయంలోనే. 2018 మార్చిలో మాల్స్, వాణిజ్య భవనాల్లో మొదటి అరగంట పార్కింగ్‌కు రుసుము వసూలు చేయరాదని ఉత్తర్వు వచ్చింది. జనం హర్షించారు, హర్షించదగినదే. కానీ అది కూడా రాష్ట్ర పురపాలక శాఖ జీవోయే. 150 వార్డుల నుంచి గెలిచిన సభ్యులు అప్పుడు నగరంలో ఉన్నారు. ఒక మాల్ ముందు కారు అరగంట నిలిపితే రుసుమెంత అన్నంత చిన్న విషయం కూడా సచివాలయమే తేల్చాలంటే, ఆ 150 మంది ఉన్నది దేనికి? సర్వసభ్య సమావేశంలో కాగితాలు చించి విసురుకోవడానికా? పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత మన మేయర్ పదవికి సరిపోయినంతగా మరి దేనికీ సరిపోదు. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌పై అవిశ్వాసం వచ్చినప్పుడు కార్పొరేటర్ల శిబిరాలు, లెక్కలు, విప్‌లు వారాల తరబడి వార్తలయ్యాయి. ఆ కుర్చీలో కూర్చున్నవారు విశాఖ భవన నిబంధనల్లో ఒక్క అంకె మార్చగలరా అని మాత్రం ఎవరూ అడగలేదు. అధికారం లేని కుర్చీ కోసం అంత పోరాటం జరిగిందంటే, ఆ పోరాటం నగరం గురించి కాదని అర్థం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది తేలిగ్గా తీసిపారేయదగినదీ కాదు. కార్పొరేటర్లకు ఇలాంటి అధికారమిస్తే ప్రతి ఇంటి ప్లానుకూ ఒక రేటు పెడతారని, గల్లీ నాయకుడి చేతిలో నగర ప్రణాళిక పెట్టడం కన్నా చదువుకున్న అధికారి చేతిలో ఉండటమే మేలని మధ్యతరగతి నమ్ముతుంది. వార్డు స్థాయి అవినీతి కల్పన కాదు. ఇల్లు కట్టుకున్న ప్రతి మనిషికీ దాని రుచి తెలుసు. అయితే ఆ చదువుకున్న అధికారి చేతిలో ఇన్నాళ్లూ ఉన్న నిబంధన ఏమైంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో అక్రమ నిర్మాణాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. తెలంగాణలో 2015లో మరోసారి వచ్చింది. ముందు పార్కింగ్ తప్పనిసరి అని జీవో. ఆ తర్వాత సెల్లారులో దుకాణాలు, గోదాములు, శిక్షణ కేంద్రాలు. ఆ తర్వాత కూల్చివేతల హడావిడి. చివరికి జరిమానా కట్టించుకుని క్షమాపణ. నిబంధన రాసినదీ, ఉల్లంఘనను చూస్తూ ఊరుకున్నదీ, క్షమించినదీ ఒకే సచివాలయం. అవినీతి వార్డుల్లో చిల్లరగా జరిగితే మనకు కనిపిస్తుంది. పైస్థాయిలో టోకుగా జరిగితే దానిని విధానం అంటున్నాం. పైగా కార్పొరేటరును ఐదేళ్లకోసారి ఇంటికి పంపవచ్చు. జీవో మీద సంతకం చేసిన అధికారి పేరు కూడా మనకు గుర్తుండదు.

నిపుణులు వద్దని ఎవరూ అనడం లేదు. స్తంభం ఎంత మందం ఉండాలో, అగ్నిమాపక శకటం తిరగడానికి ఎంత దారి కావాలో ఇంజినీరే చెప్పాలి. కానీ కారు లేని కుటుంబం కారు చోటుకు డబ్బు కట్టాలా అన్నది ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. మెట్రో స్టేషనుకు నడక దూరంలో ఉన్న భవనానికీ, శివారులో బస్సు రాని కాలనీకీ ఒకే లెక్క పెట్టాలా అన్నదీ అంతే. నేల అంతస్తు కార్లకు వదిలి వీధిని నిర్జీవం చేయాలా, అక్కడ ఒక కిరాణా కొట్టుకు, ఒక బాలవాడికి, ఒక వాచ్‌మన్ ఇంటికి చోటు ఇవ్వాలా? ఇవి విలువల ప్రశ్నలు. వీటికి ఒకే సరైన జవాబు ఉండదు. అందుకే వాదించుకోవాలి, ఓటు వేయాలి, తప్పయితే మార్చుకోవాలి. బంజారాహిల్స్‌కు నచ్చిన జవాబు పాతబస్తీకి నచ్చకపోవచ్చు. ఆ తేడా ఒకే జీవోలో ఇమడదు, సభలో మాత్రమే ఇముడుతుంది.

డబ్బు లేని సభకు అధికారమిచ్చి ప్రయోజనమేమిటన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. పురపాలక సంస్థల రాబడి, వ్యయం దశాబ్దానికి పైగా జీడీపీలో ఒక శాతం దగ్గరే ఆగిపోయాయని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. బ్రెజిల్‌లో ఇది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో ఆరు శాతం అని అదే నివేదిక పోల్చి చూపింది. కానీ పార్కింగ్ అన్నది ఖర్చు లేని అధికారాల్లో ఒకటి, పైగా ఆదాయం తెచ్చేది. ప్రజల రోడ్డు మీద సొంత కారును రాత్రంతా ఉచితంగా నిలుపుకునేవాడి నుంచి నగరం అద్దె తీసుకోవడానికి ఢిల్లీ నిధులు అక్కర్లేదు. అలా అడిగే ధైర్యం ఉన్న సభ కావాలి. జపాన్ 1962లోనే కారు నిలిపే చోటు చూపనిదే కారు కొనలేవని చట్టం చేసింది. మనం తలకిందుల దారి పట్టాం. కారు కొన్నవాడిని చోటు అడగలేదు, ఇల్లు కట్టేవాడిని అడిగాం. ఫలితంగా చోటూ లేదు, ఇల్లూ అందుబాటులో లేదు, రోడ్డూ మిగలలేదు.

చేయవలసినవి కష్టమైనవి కావు, ఇష్టం లేనివి మాత్రమే. భవనాల పార్కింగ్ లెక్కను రాష్ట్ర జీవో నుంచి తీసి నగర సభ తీర్మానానికి అప్పగించాలి. రాష్ట్రం భద్రతా ప్రమాణాల వరకే పరిమితం కావాలి. కారుకు కనిష్ఠ స్థలం అన్న నిబంధన తీసేసి, కనీసం ప్రజారవాణా ఉన్న చోట్ల, గరిష్ఠ పరిమితి పెట్టే స్వేచ్ఛ నగరానికి ఉండాలి. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోంచి రాష్ట్ర ఎన్నికల సంఘాలకు వెళ్లాలి. గడువు ముగిసిన మర్నాటి నుంచి ప్రత్యేకాధికారి చేసే విధాన నిర్ణయాలకు కొత్త సభ ఆమోదం తప్పనిసరి చేయాలి. మూడు లక్షలు దాటిన ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలన్న 243-ఎస్ అధికరణాన్ని అలంకారంగా కాక ఆచరణగా చూడాలి. రాజ్యాంగాన్ని సవరించనక్కర్లేకుండానే ఇందులో చాలా భాగం ఏ రాష్ట్ర శాసనసభ అయినా ఒక సమావేశంలో చేయగలదు.

చేయదు. ఎందుకంటే నగరంలో భూమి లెక్క తేల్చేవాడే రాష్ట్ర రాజకీయాలకు పెట్టుబడి తెచ్చేవాడు. అంతస్తుకు ఒక జీవో, సెల్లారుకు ఒక సవరణ, ఉల్లంఘనకు ఒక క్షమాపణ ఇవ్వగల చేయి ఆ అధికారాన్ని తనంతట తాను వదులుకోదు. దానిని వదిలించవలసింది ఓటరే. శాసనసభ ఎన్నికల్లో పథకాల జాబితా అడిగే పౌరుడు, తన నగరానికి ఎన్నికలు ఎప్పుడు, ఆ సభకు ఏ అధికారం ఇస్తారు అని ఒక్కసారి కూడా అడగనంత కాలం ఈ ఏర్పాటుకు ఢోకా లేదు. ప్రధాని ఎవరు కావాలన్నది ఐదేళ్లకు ఒకరోజు ప్రశ్న. గేటు తీసి వీధిలోకి అడుగుపెట్టినప్పుడు నడవడానికి చోటు ఉందా లేదా అన్నది ప్రతిరోజూ ఎదురయ్యే ప్రశ్న. మొదటి దానికి మనకు ఓటు ఉంది. రెండోదానికి జీవో ఉంది.